వేడి అలమారలో పుట్టగొడుగులు

విన్‌ఫ్రీడ్ పోలేకి తన పొడి అంటే ఎంత గర్వమో తెలియాలంటే ముందు ఆ పొడి సంగతి తెలియాలి. దాని పేరు థోరియం ఫ్లోరైడ్. చూడటానికి మైదాపిండిలా ఉంటుంది, డబ్బా ఎత్తితే మాత్రం ఇంత బరువేమిటి అనిపిస్తుంది. నీళ్ళలో కరగదు. వెయ్యి డిగ్రీలు దాటితే గాని లొంగదు. దాన్ని చిన్న రేకు దొన్నెలో పోసి, గాలంతా తోడేసిన గంటలాంటి పెద్ద మూత కింద పెట్టి కాలిస్తే ఆవిరై లేచి, పైన వేలాడే అద్దాల మీద సబ్బు బుడగకన్నా పల్చటి పూతగా కూర్చుంటుంది. ఆ పూత పడ్డ అద్దం మెరవడం మానేసి, వెలుతురునంతా నిజాయితీగా అవతలికి పంపుతుంది. క్లైన్‌వర్డర్ అద్దాల కర్మాగారంలో తయారయ్యే సూక్ష్మదర్శినులకు ఆ పూతే ప్రాణం.

దాన్ని తయారుచేసేది విన్‌ఫ్రీడ్ ఒక్కడే. థోరియం నైట్రేటును నీళ్ళలో కలిపి ఫ్లోరిన్ ఆమ్లం పోస్తే, పాలు విరిగినట్టు తెల్లటి ముద్ద అడుగుకు దిగుతుంది. ఆ ఆమ్లం గాజును తినేస్తుంది కాబట్టి అన్నీ ప్లాస్టిక్ పాత్రలే. అంత పెద్ద అద్దాల కర్మాగారంలో ఒక్క గాజు గిన్నె కూడా లేని గది విన్‌ఫ్రీడ్ గదే. దిగిన ముద్దను కడిగి, వడకట్టి, తొందరపడకుండా ఆరబెట్టి, మూసిన కొలిమిలో కాల్చి, వాడేదాకా వేడి అలమారలో దాచాలి. దాచడం దగ్గరే అసలు కిటుకంతా ఉంది. పొడి నీళ్ళలో కరగదన్న మాట నిజమే గాని, దొంగచాటుగా తేమను పీల్చుకుంటుంది. తేమ తగిలిన పొడిని దొన్నెలో కాలిస్తే పోపులో ఆవాల్లా చిటపటలాడి అద్దాల నిండా చుక్కలు పెడుతుంది.

ఇంకో దుర్గుణం కూడా ఉంది. దాన్నుంచి ఎప్పుడూ కిరణాలు వస్తూనే ఉంటాయి. బయట ఉన్నంతకాలం పెద్దగా హాని లేదు, మన చర్మమే చాలావాటిని ఆపేస్తుంది. కడుపులోకో ఊపిరితిత్తుల్లోకో పోతే మాత్రం లోపల ఏ చర్మమూ అడ్డు రాదు. అందుకే ఆ గదిలో తిండి తినకూడదు, సిగరెట్టు తాగకూడదు. తలుపు మీద ఆ బోర్డు స్వయంగా విన్‌ఫ్రీడే రాసి మేకు కొట్టాడు. ఒకసారి మరమ్మతుకు వచ్చిన ఎలక్ట్రీషియను జేబులోంచి ఆపిల్ తీసి కొరకబోతే, గోడలు అదిరేలా అరిచి బయటికి తరిమాడు. అంతటి నియమం మనిషి.

పూతగదిలో పనిచేసే రోస్విటా కీనాస్ట్‌కి అతనంటే గురి. అద్దం శుభ్రంగా ఉందో లేదో చూడటానికి పూతగదివాళ్ళకొక పద్ధతి ఉంది. అద్దం మీద హా అని ఊపిరి ఊదుతారు. ఆవిరి సమంగా పట్టి సమంగా పోతే అద్దం శుభ్రం, చారలు పడితే మళ్ళీ తుడవాలి. రోస్విటా ఊది, ఆవిరంతా పోయేదాకా పిల్లిలా కన్నార్పకుండా చూసేది. అద్దాల విషయంలో అంత పట్టింపు మనిషి, పొడి డబ్బా మాత్రం మూత కూడా తీసి చూసేది కాదు. మిగతావాళ్ళు మూత తీసి, ఊపి, వెలుగులో పెట్టి చూస్తుంటే నవ్వేది.

"ఇచ్చింది విన్‌ఫ్రీడ్. ఇంకా ఏం చూస్తారే?"

ఆ మాట విన్నప్పుడల్లా విన్‌ఫ్రీడ్ ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

పొడి తర్వాత అతని రెండో గర్వం పుట్టగొడుగులు. సెప్టెంబరు వస్తే హాఫెల్ నదికి అవతల పైన్ అడవుల్లోకి తెల్లారకముందే బుట్ట పట్టుకుపోయేవాడు. బొద్దుకాడ, గోధుమరంగు టోపీ పుట్టగొడుగులు ఎక్కడ మొలుస్తాయో కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పలేదు. ఆ ఊళ్ళో అది తప్పేమీ కాదు, అందరూ అంతే. కోసి, దారానికి గుచ్చి, ఆరబెట్టి, దండలుగా కట్టి పనిలో అయినవాళ్ళందరికీ పంచేవాడు. వాళ్ళవి దాచుకుని క్రిస్మస్ బాతు కూరలో వేసుకునేవారు.

ఆ ఏడాది వచ్చిన చిక్కల్లా ఇల్లు మారడంతోనే వచ్చింది. పాత ఇంట్లో చలి కాచుకునే పెంకుల పొయ్యి ఉండేది, దాని చుట్టూ దండలు కడితే రెండు రోజుల్లో గలగలలాడేవి. ఎండాకాలంలో కొత్త అపార్టుమెంట్లలో ఇల్లు వచ్చింది. వేడినీళ్ళు, స్నానాలగది, సమస్త సౌఖ్యాలూ ఉన్నాయి. ఇల్లు వెచ్చబెట్టే గొట్టాలు మాత్రం ఊరంతటికీ కలిపి ఒకటే, వాటిలోకి అక్టోబరు సగం గడిస్తే గాని వేడి వదలరు. బయట ఎడతెగని వాన. కిటికీలో కట్టిన దండలకు బూజు పట్టడం మొదలైంది.

"ఈ కంపుతో నేను చస్తున్నా," అంది భార్య ఇర్మ్‌ట్రౌట్. "ఈసారికి పంచకపోతే ఎవరూ ఉరేసుకోరులే. పారెయ్."

"పారెయ్యడమా? అందరూ ఎదురుచూస్తారే!"

"ఎదురుచూసేది పుట్టగొడుగుల కోసం కాదయ్యా. నీ గొప్ప కోసం నువ్వే ఎదురుచూస్తున్నావు."

ఆ మాట రోషం తెప్పించింది. శనివారం కర్మాగారానికి సెలవు. అలమార చూసుకోవాల్సిన పని ఉంటుందని అతని దగ్గర తాళంచెవి ఉండేది. బుట్ట తీసుకుని వెళ్ళాడు. పొడి డబ్బాలు పై అరలో, మూతలు వదులుగా పెట్టి ఉన్నాయి. కింది అర ఖాళీ. దాన్ని తడిగుడ్డతో ఒకటికి రెండుసార్లు తుడిచాడు. నీళ్ళలో ముంచినా కరగని పొడికి కాస్త ఆవిరి తగిలితే ఏమవుతుంది అనుకున్నాడు. కొత్తగా చేరినవాళ్ళకి తేమ గురించి గంటసేపు పాఠం చెప్పే మనిషి, సరిగ్గా ఆ పాఠమే మరిచాడు. మరిచాడనడం కూడా అతన్ని వెనకేసుకురావడమే. గుర్తు చేసుకోలేదు.

సోమవారం పొద్దున అలమార తెరిచేసరికి అడవి వాసన గుప్పుమంది. దండలు అద్భుతంగా ఆరాయి. తలుపు లోపలి రేకు మీద మాత్రం నీటి చుక్కలు వరసగా నిలబడి ఉన్నాయి. విన్‌ఫ్రీడ్ చూశాడు. చూసి, చొక్కా చేతితో తుడిచేశాడు. పొడిని మళ్ళీ కొలిమిలో పెట్టాలంటే రోజంతా పడుతుంది, పూతగది ఖాళీగా కూర్చుంటుంది, ఎందుకని అడుగుతారు. ఏమని చెప్పాలి? రోస్విటా వచ్చి డబ్బా అందుకుంది, ఎప్పట్లాగే మూత తీయలేదు. ఆమె చేతిలో న్యూస్‌పేపర్లో చుట్టిన దండ కూడా పెట్టాడు.

"అబ్బ, సిల్కేకి ప్రాణం ఇవంటే," అంటూ వాసన చూసి మురిసిపోయింది రోస్విటా. సిల్కే ఆమె కూతురు, ఐదేళ్ళది. తండ్రి లేడు.

మధ్యాహ్నానికల్లా గంట కింద చిటపటలు. కంటి ఆపరేషన్లు చేసే సూక్ష్మదర్శినుల కోసం మెరుగుపెట్టిన అద్దాలు, ఒక్కొక్కటీ వారాల పని, మొత్తం మశూచి పోసినట్టు చుక్కలు పడ్డాయి. విభాగం పెద్ద డాక్టర్ సైడ్లిట్జ్ అందరినీ నిలబెట్టాడు.

"పోలే, పొడి ఎలా ఉంది?"

"ఎప్పట్లాగే ఉంది డాక్టర్ గారూ."

"అలమార ఎవరైనా తెరిచారా?"

"శుక్రవారం మూసింది, ఇవాళ పొద్దునే తీశాను."

అబద్ధం అంత సునాయాసంగా ఎలా వచ్చిందో అతనికే ఆశ్చర్యం వేసింది. అక్కడితో ఆగినా బాగుండేది. అందరూ తనవైపే చూస్తున్నారని భయమేసి, నవ్వించబోయాడు.

"ఎవరి ఊపిరిలో తడి ఎక్కువైందో కనుక్కోండి. రోస్విటా హా అని ఊదితే గుర్రం ఊదినట్టే ఉంటుంది కదా!"

అందరూ నవ్వారు. రోస్విటా కూడా నవ్వింది. సైడ్లిట్జ్ నవ్వలేదు. ఆవిరి ఆరకముందే అద్దాలు గంట కింద పెట్టిందన్న నిర్ణయానికి ఆయన వచ్చేశాడు. ఇంకెవరూ ఇంకో కారణం చెప్పలేదు మరి.

శుక్రవారం సాయంత్రం గేటు దగ్గర రోస్విటా అతని కోసం ఆగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సోమవారం నుంచి నన్ను అద్దాలు అరగదీసే రాపిడి హాల్లో వేశారు విన్‌ఫ్రీడ్. మూడు షిఫ్టులు, రాత్రిళ్ళు కూడా."

"మరి పాప?"

"వారాల శిశుగృహానికి. సోమవారం అప్పజెప్తే మళ్ళీ శుక్రవారం తెచ్చుకోవాలి. చంటిదప్పుడు ఒకసారి పెట్టాను, తిరిగొచ్చి నన్ను 'ఆంటీ' అని పిలిచింది." ముక్కు తుడుచుకుంది. "నువ్వు చెప్పు, నిజం చెప్పు. ఆవిరి పోయేదాకా నేను ఆగనా? ఎన్నిసార్లు చూశావు నువ్వు!"

"ఆగుతావు."

"ఆ ముక్క డాక్టరుతో అనవూ? నీ మాటంటే ఆయనకు గురి."

"అంటాను. సోమవారం అంటాను."

అనేటప్పటికే అనలేనని అతనికి తెలుసు. ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం చూడలేక ఆమె చెప్పుల వైపు చూశాడు.

"రేపు మధ్యాహ్నం నీ పుట్టగొడుగులతో సూప్ చేస్తున్నా," అంది ఆమె వెళ్తూ. "పంపేముందు దానికిష్టమైంది పెడదామని."

అప్పుడు పట్టుకుంది అతన్ని అసలు భయం. వారమంతా చుక్కల గురించే కుమిలాడు గాని ఆ దండలు ఆరింది ఏ అలమారలోనో, అక్కడి గాలి ఎప్పుడూ ఏ పొడి దుమ్మును మోస్తూ ఉంటుందో మనసు దరిదాపులకు రానివ్వలేదు. మర్నాడు పొద్దున ఇంట్లో దాచిన దండ జేబులో వేసుకుని మళ్ళీ తాళం తీశాడు. పని అయ్యాక చేతులు చూసుకునే, కిరణాలను లెక్కపెట్టే కౌంటరు గోడకు ఉంది. కడిగిన చేతి దగ్గర అది అప్పుడప్పుడూ టిక్కుమంటుంది. దండ పెట్టేసరికి గబగబా మాట్లాడింది. మరీ ఎక్కువేం కాదు. కాని తిండి పదార్థం దగ్గర అది అలా మాట్లాడకూడదు. విన్‌ఫ్రీడ్ తన చేత్తో రాసిన బోర్డు కిందే నిలబడి ఉన్నాడు.

సైకిలెక్కి రోస్విటా ఇంటికి దూసుకుపోయాడు. ఆమెదీ ఆ కొత్త అపార్టుమెంట్లే, వెనక వరసలో, నాలుగో అంతస్తు. మూడో అంతస్తు దాకా ఒక్క బిగిన ఎక్కాడు. అక్కడ కాళ్ళు ఆగిపోయాయి. లోపలికెళ్ళి ఏమనాలి? పుట్టగొడుగుల వాసన మెట్లదాకా వస్తోంది. పురుగు పట్టాయని చెబుదాం. నా దండలో పురుగులు కనిపించాయి, నీది కూడా ఇచ్చెయ్ అంటే అయిపోతుంది. పరువు పోదు, పాపకు ప్రమాదం ఉండదు. గొంతు సవరించుకుని ఆ మాటను రెండు మూడు రకాలుగా అనుకుని చూశాడు. ఏ రకంగా అంటే సహజంగా ఉంటుందా అని మెట్ల కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు. పైన ఎక్కడో చెంచా పళ్ళానికి తగులుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. మాట కుదిరాక గాని పైకెళ్ళి గంట కొట్టలేదు.

వంటింట్లో సిల్కే బల్ల దగ్గర కూర్చుని ఉంది, మూతికి సూప్ అంటుకుని. పళ్ళెం సగం ఖాళీ.

"మామయ్యా!" అంది చెంచా ఊపుతూ. "నీ పుట్టగొడుగులే!"

"రోస్విటా, తినకండి. పురుగులు... పురుగు పట్టాయవి."

"ఓస్, అంతేనా? ఉడికాక పురుగేంటి, పుట్టగొడుగేంటి! కూర్చో, నీకూ పోస్తా." గరిటె తీసింది రోస్విటా. "ఇందాకే కిటికీలోంచి చూశా నిన్ను. మామయ్య వస్తున్నాడు ఆగవే, కలిసి తిందాం అన్నా. ఎంతకీ రాకపోతివి. అది ఆకలికి ఆగలేక మొదలుపెట్టేసింది. ఏం చేస్తున్నావు ఇంతసేపు మెట్ల మీద?"

విన్‌ఫ్రీడ్ రెండడుగుల్లో వెళ్ళి పాప ముందునుంచి పళ్ళెం లాగేసి తొట్టిలో ఒంపేశాడు. గిన్నె కూడా ఎత్తి పోసేశాడు. వేడి సూప్ చేతుల మీద పడింది. సిల్కే బిత్తరపోయి, ఆ తర్వాత ఏడుపు లంకించుకుంది.

రోస్విటా గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె చూపు అతని ముఖం మీంచి, కిటికీలో మూడు రోజులుగా తడారక వేలాడుతున్న పాప మేజోళ్ళ మీదికి పోయింది.

"మీ ఇంటికీ మా ఇంటికీ ఒకటే గొట్టాలు," అంది నెమ్మదిగా. "నాకు మేజోడు ఆరట్లేదు. నీ దండలు ఎక్కడ ఆరాయి విన్‌ఫ్రీడ్?"

అతను చెప్పాడు. అలమార, నీటి చుక్కలు, చొక్కా చెయ్యి, కౌంటరు చప్పుడు, అన్నీ. ఆమె పాప నోరు తడిగుడ్డతో తుడిచి, కడిగి, మళ్ళీ తుడిచింది.

"దానికేమవుతుంది?"

"ఏమీ కాదు. నీళ్ళలో కరగదు కదా..." అన్నాడు. అనగానే నాలుక కొరుక్కున్నాడు. పోయిన శనివారం అలమార ముందు తనకు తాను చెప్పుకున్న మాటే అది.

రోస్విటా తలుపు తీసి పట్టుకుంది.

"మీరు వెళ్ళండి, పోలే గారూ."

ఎనిమిదేళ్ళు నువ్వు అని పిలిచిన మనిషి అంత మర్యాదగా పిలిచింది. దానికన్నా చెంప పగలగొట్టినా బాగుండేదనుకుంటూ మెట్లు దిగాడు.

సోమవారం సైడ్లిట్జ్ గదిలో ఇద్దరూ నిలబడ్డారు. అంతా విన్న డాక్టరు లేచి గది తలుపు మూశాడు. ఆయన భార్యకూ ఒక దండ చేరింది, ఆదివారం దుప్పి మాంసంలో పడింది కూడా.

"ఈ మాట ఈ గది దాటక్కర్లేదు," అన్నాడు. "వచ్చిన నైట్రేటులోనే లోపం ఉందందాం. కీనాస్ట్ తన చోట తనుంటుంది. సరేనా పోలే?"

విన్‌ఫ్రీడ్ తల అప్పుడే సరేనన్నట్టు కదిలింది కూడా. దాన్ని ఆపింది రోస్విటా.

"మరి మిగతా దండలో? అవి తినేవాళ్ళకి నైట్రేటు సంగతి చెప్దామా?"

అందుకని మధ్యాహ్నం భోజనాల హాల్లో అతను లేచి నిలబడక తప్పలేదు. ఎవరెవరికి దండలిచ్చాడో పేరు పేరునా పిలిచి చెప్పాడు. మొదట ఎవరో, "అయితే దీపం అక్కర్లేదన్నమాట, కడుపే వెలుగుద్ది!" అన్నారు. నవ్వులు లేచాయి. తర్వాత ఒకావిడ, తన మనవడు పాలు మాని పుట్టగొడుగుల పులుసే తాగుతున్నాడని చెప్పి ఏడ్చేసింది. ఇంకెవరూ నవ్వలేదు. మర్నాడు పొద్దుటికి దండలన్నీ అతని గది గుమ్మంలో చేరాయి. ఎవరూ చేతికివ్వలేదు, గుమ్మంలో పడేసి పోయారు. వాటినన్నిటినీ వ్యర్థాల పీపాలో వేసి మూత బిగించాడు.

తిన్నవాళ్ళందరినీ, సిల్కేతో సహా, డాక్టర్లు పరీక్షించారు. లోపలికి పోయింది కొంచెమే, కరగదు కాబట్టి వచ్చిన దారినే పోయిందని తేల్చారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తన అబద్ధానికి ఆసరా ఇచ్చిన గుణమే పాపను కాపాడిందని తెలిసి, సంతోషించే హక్కు కూడా తనకు లేదనిపించింది విన్‌ఫ్రీడ్‌కి. ఉద్యోగమూ పోలేదు. పొడి చేయడం వచ్చినవాడు ఇంకొకడు లేడు మరి. జీతంలో కోత, చీవాట్లు, అంతే. రోస్విటా రోజూ పొద్దున వచ్చి డబ్బా అందుకుంటుంది. అతని ఎదుటే మూత తీస్తుంది, ఊపుతుంది, వెలుగులో పెట్టి చూస్తుంది. అంతసేపూ అతను చేతులు వేలాడేసుకుని నిలబడతాడు. "థాంక్యూ పోలే గారూ," అని వెళ్ళిపోతుంది.

అక్టోబరులో గొట్టాల్లోకి వేడి వచ్చిన వారం, అపార్టుమెంట్ల మధ్య ఇసుకతొట్టి దగ్గర సిల్కే అతనికి ఎదురుపడింది. వెనక బల్ల మీద రోస్విటా అల్లికపని పెట్టుకుని కూర్చుని ఉంది. అతన్ని చూసి అల్లడం ఆపింది గాని పిలవలేదు.

"మామయ్యా, వచ్చే ఏడు పురుగుల్లేనివి తెస్తావా?" అంది పాప. "మా బళ్ళో అందరికీ చెప్పా. పురుగులుంటే మామయ్య పారబోసేశాడు, నాకు కడుపునొప్పి రాకుండా అని."

ఊరందరి ముందూ చెప్పుకున్నాడు. ఈ ఒక్కచోటే అతనింకా మంచివాడిగా మిగిలి ఉన్నాడు. ఊ అంటే చాలు, మిగిలిపోతాడు. రోస్విటా వింటోంది. విన్‌ఫ్రీడ్ మోకాళ్ళ మీద ఇసుకలో కూర్చున్నాడు.

"పురుగులు లేవమ్మా. అవి మంచివే. నేనే పాడుచేశాను."

సిల్కే ఇసుక తవ్వుతున్న బుల్లి పార ఆపింది.

"మరి పురుగులని ఎందుకన్నావు?"

అతను ఈసారి చూపు దించుకోలేదు. పాప చేతిలో పార పట్టుకుని, అతను చెప్పేదాకా ఆగింది.